గుంతకల్లులాంటి ఊళ్లో నర్సింగ్ చదువుకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: గుంతకల్లు నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మాది గుంతకల్లు. స్టేషన్ రోడ్డులో చిన్న కిరాణా అంగడి నడుపుకుంటున్నాం. మా అమ్మాయి ఈ సంవత్సరం బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. మరో ఏడాది కోచింగ్‌కు పంపించే స్తోమత నాకు లేదు, పంపిస్తానన్నా వెళ్లే ఉద్దేశం తనకు లేదు. నర్సింగ్ చదువుతానని తనంతట తానే చెబుతోంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది మింగుడుపడటం లేదు. రాత్రి డ్యూటీలనీ, జీతం చాలదనీ, రేపు పెళ్లి సంబంధాల దగ్గర ఇబ్బంది అవుతుందనీ తలా ఒక మాట అంటున్నారు. పెళ్లి సంగతి అటుంచితే, తక్కిన రెండు మాటల్లో నిజమెంత ఉందో నాకు తెలియాలి.

మాకు ఒక్కతే కూతురు. వాళ్లమ్మకు ఆరోగ్యం అంతంత మాత్రం గనుక, అమ్మాయి ఎక్కడ చదివినా చివరికి మా ఊళ్లోనో, కనీసం బస్సులో వెళ్లి వచ్చేంత దూరంలోనో ఉద్యోగం చేసుకుంటే బాగుంటుందని మా కోరిక. ఇక్కడ ప్రభుత్వాసుపత్రి ఉంది, రైల్వే ఆసుపత్రి ఉంది, నర్సింగ్ హోములకూ కొదవ లేదు. ఇన్ని ఉన్నా నర్సింగ్ చదివిన పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో పోతున్నారే తప్ప, ఊళ్లో నిలబడినవాళ్లు పెద్దగా కనబడటం లేదు. ఇంతలో మాకు పరిచయమున్న ఒక డాక్టరు గారు "కాలేజీలూ ఫీజులూ ఎందుకు, ఆరు నెలలు మా దగ్గర పెట్టండి, ఇంజెక్షన్, సెలైన్ అన్నీ నేర్పించి జీతం కూడా ఇస్తాం" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంటావిడ అటే మొగ్గుతోంది. బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండింటిలో ఏది చదివించాలో, చదివాక ఈ ప్రాంతంలో నిజంగా ఎలాంటి ఉద్యోగాలు ఉంటాయో, జీతాలు ఎలా ఉంటాయో ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: అనంతపురం నుంచి ఒక విశ్రాంత హెడ్ నర్సు

తమ్ముడు గారికి నమస్కారం. ముందుగా ఆ ఆరు నెలల శిక్షణ మాట తేల్చేద్దాం, మీ తక్కిన ప్రశ్నలన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. అమ్మాయిని అక్కడ చేర్చకండి. చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో తెల్లకోటు వేసుకుని తిరిగే పిల్లల్లో చాలామంది ఇలా చేరినవాళ్లే. రోగులు వాళ్లను సిస్టరమ్మా అని పిలుస్తారు, డాక్టరు గారు కూడా సిస్టర్ అనే పిలుస్తారు, కానీ ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో వాళ్ల పేరు ఉండదు. ఆ రిజిస్టరుకు ఎక్కాలంటే రెండేళ్ల ఏఎన్ఎం గానీ, మూడేళ్ల జీఎన్ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ గానీ గుర్తింపు ఉన్న సంస్థలో చదివి ఉండాలి. అది లేనిదే పదేళ్లు ఇంజెక్షన్లు చేసినా, ఇంకో ఆసుపత్రికి మారితే మళ్లీ మొదటి జీతం దగ్గరే మొదలుపెట్టాలి. చూపించడానికి చేతిలో కాగితమంటూ ఏదీ ఉండదు. ఏదైనా ప్రాణాపాయం జరిగిన రోజున మాత్రం మందు ఎక్కించింది ఎవరన్న ప్రశ్న మొదట ఆ పిల్ల దగ్గరికే వస్తుంది.

చెయ్యి తిరగడం వేరు, చదువు వేరు అని ఎందుకంటున్నానో ఒక్క ఉదాహరణ చెబుతాను. నిండు గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తాయి, గుర్రపు వాతం అంటారే, అది. దానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. సూది గుచ్చడం ఎవరికైనా వారంలో పట్టుబడుతుంది. అయితే తర్వాతి మోతాదు ఇచ్చే ముందు ప్రతిసారీ మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టి కాలు ఎగురుతోందో లేదో చూడాలి, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గకుండా ఉందో లేదో లెక్కపెట్టాలి, క్యాథెటర్ సంచిలో మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా పడుతోందో లేదో కొలవాలి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మోతాదు ఆపి, డాక్టరుకు కబురు పెట్టి, విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్‌ను చేతికి అందేలా పెట్టుకోవాలి. తెల్లవారుజామున రెండు గంటలకు డాక్టరు ఇంటి దగ్గర నిద్రలో ఉంటారు, వార్డులో ఉండేది నర్సు ఒక్కతే. నాలుగు గంటలకోసారి అని కేస్‌షీటులో రాసి ఉంది గనుక, ఎందుకు ఆపాలో తెలియని పిల్ల ఆ మోతాదు ఇచ్చేస్తుంది. కాలేజీలో మూడు నాలుగేళ్లు నేర్పేది ఈ తేడానే.

ఇక బీఎస్సీనా, జీఎన్ఎంనా అన్న విషయం. జీఎన్ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా 40 శాతం మార్కులు ఉంటే చాలు. బీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి 45 శాతం తెచ్చుకుని ఉండాలి. మీ అమ్మాయిది బైపీసీ గనుక, మార్కులు సరిపోతే కళ్లు మూసుకుని బీఎస్సీలోనే చేర్చండి. జీఎన్ఎం చదివినవాళ్లు తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు గానీ, దానికి మరో రెండేళ్లు పడుతుంది, అంటే మొత్తం ఐదేళ్లు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఎయిమ్స్ ఆసుపత్రులకు నర్సింగ్ ఆఫీసర్లను ఎంపిక చేసే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ చదివి రిజిస్ట్రేషన్ ఉన్నవారు నేరుగా కూర్చోవచ్చు. జీఎన్ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. మన ఊళ్ల నర్సింగ్ హోముల్లో 50 పడకలు ఉన్నవి ఎన్ని? ఇరవై పడకల చోట రెండేళ్లు కష్టపడినా ఆ అనుభవం లెక్కలోకి రాదన్నమాట. ఈ ఒక్క నిబంధన తెలియక మనవైపు పిల్లలు ఎంతమంది వయసు దాటిపోయాక తలపట్టుకున్నారో నేను చూశాను. నార్సెట్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. అందులో ఎంపికైతే మూల వేతనమే 44,900 రూపాయలు. మంగళగిరి ఎయిమ్స్ మన రాష్ట్రంలోనే ఉంది గానీ, ర్యాంకును బట్టి ఎక్కడ పోస్టింగ్ వస్తుందో ముందే చెప్పలేం.

జీతాల గురించి అడిగారు. ప్రైవేటు నర్సుల వేతనాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు చేయవలసిన బాధ్యత రాష్ట్రాల మీద పెట్టారు. మన పట్టణాల్లో అది ఎంతవరకు అమలవుతోందో మీ ఊళ్లో ఏ నర్సింగ్ హోమ్ గుమ్మంలో అడిగినా తెలుస్తుంది.

జవాబు: ఆలూరు ప్రాంతంలో పనిచేస్తున్న ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)

అన్నగారూ, నమస్కారం. హెడ్ నర్సు అమ్మగారు చెప్పిన దానికి ప్రభుత్వం వైపు నుంచి కొంత జోడిస్తాను. నేను కర్నూలు జిల్లాలో ఆలూరుకు దగ్గరలోని ఒక గ్రామంలో ఆరోగ్య కేంద్రం చూసుకుంటున్నాను. మీ గుంతకల్లు మాకు సంతకు వచ్చి వెళ్లేంత దగ్గర. 2018లో ఆయుష్మాన్ భారత్ మొదలయ్యాక ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి, వాటిలో ఎంఎల్‌హెచ్‌పీలను నియమించారు. బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి మునుపు లేని ఒక అవకాశం దీంతో పల్లెలోనే ఏర్పడింది. జీఎన్ఎం కంటే బీఎస్సీ మేలని నేనూ అనడానికి ఇది ఇంకో కారణం.

పని ఎలా ఉంటుందంటే, పొద్దున బీపీ, షుగరు చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లతో మొదలవుతుంది. నెలకు సరిపడా మాత్రలు ఇవ్వడం, గర్భిణులకు రక్తం, బరువు, బీపీ చూసి పెద్దాసుపత్రికి పంపవలసినవాళ్లను ముందే గుర్తించడం, పసిపిల్లల టీకాల రోజున ఏఎన్ఎంకు తోడుండడం, కష్టమైన కేసు వస్తే టెలిమెడిసిన్‌లో డాక్టరుతో మాట్లాడించడం, ఇవన్నీ చేసి సాయంత్రం వివరాలు ఫోన్‌లో ఎక్కించడం మా దినచర్య. నైట్ డ్యూటీ లేదు. సిగ్నల్ అందక మిద్దె మీద నిలబడి ఎంట్రీలు కొట్టే రోజులు మాత్రం ఉంటాయి, అది వేరే పురాణం. ఇది కాంట్రాక్టు ఉద్యోగం. నిర్ణీత వేతనం 25 వేలు, పనితీరును బట్టి ఇచ్చే ప్రోత్సాహకం దానికి అదనం.

కాంట్రాక్టు అనగానే చాలామంది పెదవి విరుస్తారు. వారు గమనించని సంగతి ఒకటుంది. రాయలసీమలోని మన నాలుగు పాత జిల్లాలు స్టాఫ్ నర్సు నియామకాలకు నాలుగో జోన్ కిందికి వస్తాయి, నోటిఫికేషన్లు కడపలోని ప్రాంతీయ కార్యాలయం నుంచి వెలువడతాయి. ఇటీవలి నోటిఫికేషన్లలో రాత పరీక్ష లేకుండా నూరు మార్కులకు మెరిట్ లెక్కగట్టారు. అందులో 75 చదువులో వచ్చిన మార్కులకు, 10 చదువు పూర్తయ్యాక గడిచిన సంవత్సరాలకు ఏడాదికి ఒకటి చొప్పున, 15 ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు కేటాయించారు. ఆ చివరి 15లోనే అసలు కిటుకు ఉంది. ప్రతి ఆరు నెలల సేవకు గిరిజన ప్రాంతంలో రెండున్నర, గ్రామీణ ప్రాంతంలో రెండు, పట్టణంలో ఒక మార్కు ఇస్తారు.

లెక్క వేసి చూడండి. పల్లెలో మూడేళ్లు పనిచేసిన అమ్మాయికి 12 మార్కులు కలుస్తాయి. కోర్సులో ఆమె కంటే పది శాతం ఎక్కువ తెచ్చుకున్న అమ్మాయికి ఏడున్నర మార్కులే అధికంగా వస్తాయి. ఆ మూడేళ్లూ ప్రైవేటు ఆసుపత్రిలో ఎంత బాగా చేసినా ఈ పద్దు కింద వచ్చేది సున్నా. అంటే మీ ఊరి చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వచ్చే చిన్న కాంట్రాక్టు ఉద్యోగం, జీతం తక్కువైనా, రేపటి రెగ్యులర్ పోస్టుకు మెట్టు అవుతుంది. సేవా ధ్రువపత్రం సంబంధిత అధికారి సంతకంతో ఎప్పటికప్పుడు తీసిపెట్టుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక దాని కోసం పరుగెత్తితే ఆఖరి తేదీ దాటిపోతుంది. మార్కుల విధానం ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్‌లో చదువుకోవాలన్నది కూడా గుర్తుంచుకోండి.

జవాబు: తాడిపత్రి నుంచి ఒక నర్సింగ్ హోమ్ నిర్వాహకుడు

పైన ఇద్దరూ చెప్పిన వాటిలో చాలా వరకు నిజమే అయినా, ప్రైవేటు ఆసుపత్రులన్నింటినీ ఒకే గాటన కట్టడం సరి కాదని మనవి. మాది పాతిక పడకల ఆసుపత్రి. మూడు షిఫ్టుల్లో ఒక్కో షిఫ్టుకు ఇద్దరు చొప్పున పెట్టుకున్నా, వారాంతపు ఆఫ్‌లూ సెలవులూ కలుపుకుంటే ఎనిమిది మంది నర్సులు కావాలి. ఒక్కొక్కరికి 20 వేలు అంటే నర్సుల జీతాలకే నెలకు లక్షా అరవై వేలు. మా ఊళ్లో కన్సల్టేషన్ ఫీజు వంద రూపాయలు పెంచితే రోగులు పక్క వీధికి వెళ్లిపోతారు. కమిటీ సిఫారసు న్యాయమైనదేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలో ఆ సిఫారసులో లేదు. ఫలితంగా, కొత్తగా చేరిన జీఎన్ఎం అమ్మాయికి మావంటి చోట్ల పది పన్నెండు వేల దగ్గరే మొదలవుతోందన్నది దాచవలసిన విషయం కాదు.

అయితే పరిస్థితి మారుతున్న చోటు ఒకటి ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. ఆ పథకంలో చేరాలన్నా, బీమా కంపెనీల జాబితాలో ఉండాలన్నా, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు తెచ్చుకోవాలన్నా, ఆసుపత్రిలో అర్హత గల నర్సులు ఎంతమంది ఉన్నారో రిజిస్ట్రేషన్ నంబర్లతో చూపించాలి. అందుకే చదువుకోని పిల్లలతో నెట్టుకొచ్చే పద్ధతి వార్డుల్లో ఇంకా కొనసాగుతున్నా, ఐసీయూలో, ఆపరేషన్ థియేటర్‌లో, డయాలసిస్‌లో సాగడం లేదు. డయాలసిస్ మిషన్ మీద రోగిని ఎక్కించి దించగల నర్సు గానీ, వెంటిలేటర్ అలారం మోగితే గొట్టం ఎక్కడ అడ్డుపడిందో చూడగల నర్సు గానీ మా ఊళ్లో దొరకరు. దొరికితే జీతం దగ్గర బేరం ఆడేది మేము కాదు, వాళ్లే. మీ అమ్మాయి బీఎస్సీ అయ్యాక అనంతపురంలోనో కర్నూలులోనో వంద పడకలు దాటిన ఆసుపత్రిలో, వీలైతే ఐసీయూలో, రెండేళ్లు చేసి తర్వాత సొంత ఊరికి రావడం మంచిది. నేరుగా మావంటి చోట చేరితే బ్యాండేజీలు, బిల్లులు, ఫోన్ కాల్స్ మధ్య రెండేళ్లు గడిచిపోతాయి గానీ చేతికి కొత్త విద్య ఏదీ రాదు. ఆసుపత్రి నడిపేవాడిగా నేనిలా చెప్పడం మా పిల్లలకు నచ్చదు, అయినా నిజం ఇదే.

ఎక్కడ చేరినా నియామక పత్రం అడిగి తీసుకోవాలి. పది మంది, ఆపైన పనిచేసే చోట, జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్ ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టండి, రెండేళ్లు బాండు రాయండి అనే యాజమాన్యాలు ఇంకా ఉన్నాయి. జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారికి మర్యాదగానే కుదరదని చెప్పేశాను, మా ఇంటావిడ కూడా ఈ జవాబులు చదివించుకుని ఒప్పుకుంది. ఇంకో విషయం అడగాలి. నిన్న ఒక ఏజెంటు ఇంటికి వచ్చి, బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని, ప్రవేశ పరీక్ష అవసరం లేదని, అడ్వాన్సు వెంటనే కడితే హాస్టల్ కూడా చూస్తానని చెప్పాడు. కాలేజీ పేరు అడిగితే రెండు మూడు పేర్లు మార్చి మార్చి చెప్పాడు. ఇక్కడి నుంచి రైల్లో రాత్రికి రాత్రి వెళ్లిపోవచ్చు గనుక మాకు బెంగళూరు పెద్ద దూరం కాదు. అక్కడ చదివితే మన రాష్ట్రంలో ఉద్యోగానికి ఇబ్బంది ఉంటుందా? మా బావమరిది గల్ఫ్ మాట కూడా ఎత్తుతున్నాడు.

జవాబు: కడప జిల్లా నుంచి, ప్రస్తుతం కువైట్‌లో స్టాఫ్ నర్సు

గల్ఫ్ సంగతి నేను చెబుతాను అన్నా. మా రాయచోటి, రాజంపేట వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు గనుక, నర్సు ఉద్యోగం కూడా ఇంటి పనికి వచ్చినంత తేలికగా వీసా కొనుక్కుని వచ్చేదనుకుంటారు. అలా కాదు. మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, సాధారణంగా రెండేళ్ల ఆసుపత్రి అనుభవం అడుగుతారు, ఆ దేశపు లైసెన్సు పరీక్ష రాయాలి. చాలా గల్ఫ్ దేశాల్లో డేటాఫ్లో అనే సంస్థ మీ కాలేజీకీ, మీరు పనిచేసిన ఆసుపత్రికీ నేరుగా రాసి, ఇచ్చిన కాగితాలు నిజమో కాదో ధ్రువపరచుకుంటుంది. పనిచేసిన ఆసుపత్రి ఆ ఉత్తరానికి జవాబు ఇవ్వకపోతే అక్కడే ఆగిపోతుంది. నాతో పాటు దరఖాస్తు చేసిన ఒక అమ్మాయి చిన్న నర్సింగ్ హోమ్‌లో నిజంగానే పనిచేసింది, కానీ జీతం చేతికి నగదుగా ఇచ్చేవారు గనుక హాజరు పట్టీ గానీ, పే స్లిప్పు గానీ లేక ఆ రెండేళ్లూ నిరూపించుకోలేకపోయింది. జీతం బ్యాంకు ఖాతాలోనే వేయించుకోమని మీ అమ్మాయికి మొదటి నెల నుంచే చెప్పండి.

ఇంకొకటి. కువైట్, సౌదీ, ఎమిరేట్స్ వంటి పద్దెనిమిది దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం 2015లో నియమం పెట్టి, వలస అనుమతులు చూసే ఈమైగ్రేట్ ఆన్‌లైన్ వ్యవస్థ కిందికి తెచ్చింది. మన రాష్ట్రానికి అలాంటి ప్రభుత్వ సంస్థగా ఓంక్యాప్ ఉంది. లక్షలు అడిగే ప్రైవేటు ఏజెంటు కనబడితే తలుపు దగ్గరే ఆపేయండి. జర్మనీ వైపు ఇప్పుడు బాగా అడుగుతున్నారు గానీ, దానికి జర్మన్ భాషలో బీ1, బీ2 స్థాయిలు దాటాలి. నాలుగేళ్ల చదువు సాగుతుండగానే ఆ భాష మొదలుపెట్టినవాళ్లకు అది బరువు అనిపించదు. ఒక్కతే కూతురు, తల్లికి ఆరోగ్యం బాగుండదు అంటున్నారు గనుక ఈ దారి మీ ఇంటికి నప్పుతుందో లేదో మీరే ఆలోచించుకోవాలి. ఇక్కడి నుంచి పరుగున రావడం కుదరదు.

జవాబు: అనంతపురం నుంచి విశ్రాంత హెడ్ నర్సు

తమ్ముడు గారూ, కాలేజీ పేరు మార్చి మార్చి చెప్పే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకండి. బెంగళూరులో మంచి కాలేజీలు లేవని కాదు. ఇతర రాష్ట్రంలో చదివినవాళ్లు మొదట ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదై, తర్వాత మన కౌన్సిల్‌కు బదిలీ చేయించుకోవాలి. ఇదంతా నెలల తరబడి పట్టే పని. ఈలోగా ఇక్కడ నోటిఫికేషన్ వస్తే దరఖాస్తు పెట్టడానికి మన రిజిస్ట్రేషన్ చేతిలో ఉండదు. ఆ కాలేజీకి రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపూ, భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో చోటూ ఉన్నాయో లేదో ఏజెంటు చూపించే కాగితంలో కాకుండా ఆయా కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో మీరే చూసుకోవాలి. సొంత ఆసుపత్రి ఉందా, అందులో ఎన్ని పడకలు, పిల్లలు క్లినికల్ పోస్టింగులకు ఎక్కడికి వెళతారు అన్నది అక్కడ చదువుతున్న పిల్లలనే అడగండి. రోగులు లేని ఆసుపత్రికి పోస్టింగ్ వెళ్లిన పిల్లకు బొమ్మ మీద నేర్చుకున్నదే మిగులుతుంది.

నా మాట వింటే, ముందు మన రాష్ట్రంలోనే కన్వీనర్ కోటాకు ప్రయత్నించండి. ఇక్కడి కాలేజీలు చాలా వరకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి, ప్రవేశాల నోటిఫికేషన్ కూడా దాని వెబ్‌సైట్‌లోనే వస్తుంది. కర్నూలులో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. అక్కడి పెద్దాసుపత్రికి నాలుగు జిల్లాల రోగులే కాక కర్ణాటక, తెలంగాణ సరిహద్దుల రోగులు కూడా వస్తారు గనుక, అక్కడి వార్డుల్లో తిరిగిన పిల్ల చూడని కేసంటూ ఉండదు. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి దగ్గర కూడా నర్సింగ్ శిక్షణ ఉంది, పేద కుటుంబాల పిల్లలు చాలామంది అక్కడ చదువుకుని స్థిరపడ్డారు. తాడిపత్రి నిర్వాహకులు చెప్పినట్టు చదువు తర్వాత రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో చేయడం మంచిదే. కానీ అదే సమయంలో మీ చుట్టుపక్కల ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టు పడితే, ఐసీయూ కోసమని దాన్ని వదులుకోవద్దు. ఆలూరు అమ్మాయి చెప్పిన మార్కుల లెక్క తర్వాత మళ్లీ చేతికి రాదు.

రైల్వే ఆసుపత్రి సంగతి మీరు అడగలేదు గానీ, గుంతకల్లువాళ్లు దాన్ని వదలకూడదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పారామెడికల్ నోటిఫికేషన్లలో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టులు ఉంటాయి. వాటికి జీఎన్ఎం వారూ, బీఎస్సీ వారూ అర్హులే, మూల వేతనం నార్సెట్‌లో చెప్పినంతే, వయసు దగ్గర నార్సెట్ కంటే వెసులుబాటు ఎక్కువ. నోటిఫికేషన్ ఏటా రాదు, వచ్చినా మొదటి పోస్టింగే ఇంటి పక్కన దొరుకుతుందని నమ్మకం లేదు. డివిజన్ కేంద్రం మీ ఊరే గనుక, తర్వాత బదిలీ అడగడానికి మాత్రం ఒక ఆధారం ఉంటుంది.

నైట్ డ్యూటీ గురించి ఇంట్లో బెంగగా ఉంటే, డ్యూటీకి వెళ్లే వేళ, దిగే వేళ ఏమిటో, నర్సులకు గది ఉందో లేదో, రాత్రి వార్డులో ఇంకెవరు ఉంటారో చేరే ముందే అడగండి. సాధారణంగా రాత్రి డ్యూటీ ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది, అర్ధరాత్రి రోడ్డు మీద నడవవలసిన పని ఉండదు. ఒక్కదాన్నే పెట్టి వార్డంతా అప్పగించే చోట చేరవద్దు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అది ప్రభుత్వంలోనూ అందడం లేదు గానీ, ముప్పై మందికి ఒకరన్న చోట నేర్చుకునేదీ ఉండదు, నిద్రా ఉండదు.

ఇప్పుడు వెంటనే చేయవలసింది కాగితాల పని. పది, ఇంటర్ మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, టీసీ సిద్ధం చేసుకోండి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు చదివిన ప్రతి బడి నుంచీ ఇప్పుడే తీసిపెట్టండి. జోన్ ఉద్యోగాలకు స్థానికత తేల్చేది అవే. అమ్మాయి ప్రాథమిక పాఠశాల ఏదైనా మూతపడి ఉంటే, దాని రికార్డులు ఎక్కడికి వెళ్లాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే చెబుతారు.